మరచిపోతానని రాసిచ్చిన పాస్‌వర్డు

చేయవలసిన పనులు:

ఒకటి, కార్యాలయపు మెయిల్‌ను ఇకపై ఎవరూ బ్రౌజరులో తెరిచి చూడరాదు.

రెండు, ప్రతి కార్యాలయమూ తన కంప్యూటరులోనే ఒక మెయిల్ ప్రోగ్రాము పెట్టించుకొని, ఉన్న ఖాతాను అందులోకి తెచ్చుకోవలెను.

మూడు, సదరు ప్రోగ్రాము అడిగినప్పుడు ఖాతా పేరు, పాస్‌వర్డు, ఉత్తరాలు వచ్చే సర్వరు, ఉత్తరాలు పోయే సర్వరు, వాటి వాటి పోర్టు నంబర్లు తప్పు లేకుండా నింపవలెను.

నాలుగు, ‘సర్వరులో ఒక ప్రతి ఉంచవలెనా?’ అన్న గడిలో టిక్కు పెట్టుట, పెట్టకుండుట స్థానిక అధికారి విచక్షణకు వదలడమైనది.

ఐదు, ‘అమరికలను పరీక్షించు’ అన్న మీట నొక్కి ఫలితమును నమోదు చేయవలెను.

ఆరు, ఇదంతా వారం లోగా పూర్తి కావలెను.

ఎందుకు అన్నది కూడా సర్క్యులరులోనే ఉంది. బ్రౌజరులో కనిపించే ఉత్తరం ఎక్కడో ఉంటుందట. కార్యాలయపు ఉత్తరము కార్యాలయములోనే నివసించవలెనట.

రాజధాని నుంచి వచ్చిన ఈ సర్క్యులరును జిల్లా జీవాల సంరక్షణ మండలిలో మొదట చదివినవాడు యలమందరావు. జీవాలంటే గొర్రెలూ మేకలూ. యలమందరావు ఆ మండలిలో జూనియర్ అసిస్టెంటు. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి కాబట్టి, అచ్చులో ఉన్నదాన్ని తప్పుపట్టడం అతనికి ఇంకా అలవాటు కాలేదు. రోజూ పొద్దున్నే మెయిల్ తెరిచి, వచ్చినవాటిని అచ్చు తీసి, అధికారి బల్ల మీద పెట్టేవాడు అతనే. సర్క్యులరు రెండుసార్లు చదివి, ఇది మధ్యాహ్నం భోజనం లోపల అయిపోయే పని అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గురవమ్మ వచ్చింది.

మల్లెబోయిన గురవమ్మది ఊరికి పడమరగా ఉన్న తండాల దగ్గర ఒక పల్లె. సొంత మంద ఉంది. చుట్టుపక్కల మందలవాళ్లందరి తరఫునా ఆఫీసుకు తిరిగేది ఆమే. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతికర్ర గోడకు ఆనించి అడిగింది.

"ఏం అబ్బయ్యా, టీకా మందు సంగతి ఏమన్నా తెలిసిందా?"

"పైనుంచి మెయిల్ వచ్చిందమ్మా. మందు సిద్ధంగా ఉందంట. ఎన్ని జీవాలకు కావాలో మనం జవాబు రాస్తే, మంచుపెట్టెలో పెట్టి పంపుతారు."

"రాయి మరి. తొలకరికి ముందరే పడాల సూది. వానపడి లేత గడ్డి మొలిచిందంటే ఎగబడి మేస్తయ్. చిటుకు రోగం తగిలితే నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోద్ది. మందు పోసే తీరిక గూడా ఇయ్యదు."

"రేపటికల్లా రాస్తానమ్మా" అన్నాడు యలమందరావు. అన్నప్పుడు అది నిజమే.

మండలికి అధిపతి అసిస్టెంట్ డైరెక్టరు నిరంజనరావు గారు. అందరూ ఏడీ గారంటారు. ఆయన సర్క్యులరును ఎర్ర సిరాతో గీతలు గీస్తూ చదివి, సూపరింటెండెంటు కోటిలింగం గారిని పక్కన నిలబెట్టుకొని, యలమందరావును పిలిపించారు. యలమందరావు ప్రోగ్రాము తెరిచి చూపించాడు.

"ఇక్కడ వచ్చే సర్వరు సార్. కింద పోయే సర్వరు. రెండూ నింపితే అయిపోతుంది."

ఏడీ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "రెండూ ఒకే పేజీలోనా?"

"అవును సార్."

"కోటిలింగం గారూ, మన ఆఫీసులో ఇన్‌వార్డు ఎవరు చూస్తారు?"

"మస్తాన్‌బీ అండి."

"అవుట్‌వార్డు?"

"జోజప్ప అండి."

"వచ్చే తపాలు, పోయే తపాలు ఒకే వ్యక్తి చేతిలో ఉండరాదన్నది బ్రిటిషు వారు పోతూ పోతూ కూడా విప్పని ముడి. దాన్ని ఈ ప్రోగ్రాము వచ్చి విప్పుతుందా? ఇది ఆడిట్ అభ్యంతరానికి ఆస్కారమున్న అమరిక."

అందువల్ల ప్రోగ్రామును రెండు కంప్యూటర్లలో పెట్టారు. వరండా పక్క గదిలో మస్తాన్‌బీ కంప్యూటరులో వచ్చే సర్వరు సరిగ్గా నింపి, పోయే సర్వరు గడిలో ‘వర్తించదు’ అని రాశారు. వెనక గదిలో జోజప్ప కంప్యూటరులో పోయే సర్వరు నింపి, వచ్చే సర్వరు గడిలో ‘వర్తించదు’ అని రాశారు. ప్రోగ్రాము రెండు చోట్లా ఎర్రగా పొరపాటు చూపించింది. ఆ ఎరుపు తన అధికార పరిధిలోనిది కాదని ఏడీ గారు నోట్ పెట్టారు.

ఇక టిక్కు సంగతి. సర్వరులో ప్రతి ఉంచాలా వద్దా?

"ఒకే ఉత్తరం ఇక్కడా ఉండి, అక్కడా ఉంటే, ఏది అసలు, ఏది నకలు? నకలైతే ధ్రువీకరించింది ఎవరు?" అన్నారు ఏడీ గారు. టిక్కు తీసేశారు. ఉత్తరాలన్నీ సర్వరులోంచి ఊడిపోయి మస్తాన్‌బీ కంప్యూటరులో కాపురం పెట్టాలని తేలింది.

"ఈ డబ్బా కాలిపోతే అన్నీ పోతాయి కదన్నా?" అని ఆమె మెల్లగా జోజప్పను అడిగింది.

"పోతే పోయినట్టు మనకు ఉత్తరం రావాలమ్మా. రాకుండా పోయినట్టు ఎట్టా చెప్తాం?" అన్నాడు జోజప్ప. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఆయనకు కంగారు లేదు.

మర్నాడు పాస్‌వర్డు దగ్గర ఆగింది పని.

ఆ పాస్‌వర్డు మొదటినుంచీ ఉన్నదే. ముందు ఒక గొర్రె జాతి పేరు, వెనక అంకెలు. కానీ ఏడీ గారు కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కొన్నాళ్లు ట్రెజరీలో పనిచేశారు. అక్కడ ఇనప గదికి రెండు తాళాలుంటాయి. రెండు తాళంచెవులూ ఇద్దరు అధికారుల దగ్గరుంటాయి. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. డబ్బుకే అంత కాపలా ఉంటే, ప్రభుత్వపు మాటకు ఎంత ఉండాలి?

పాస్‌వర్డును రెండు ముక్కలు చేశారు. అక్షరాలు సూపరింటెండెంటు గారికి, అంకెలు ఏడీ గారికి. ఒకరు తమ ముక్క కొట్టేటప్పుడు రెండోవారు గోడవైపు తిరిగి నిలబడాలి.

"మరి యలమందరావుకు మొత్తం తెలుసు కదండీ" అన్నారు కోటిలింగం గారు.

ఏడీ గారు యలమందరావు వైపు చూశారు. ఖజానాలో దొంగను చూసినట్టు కాదు, పాపం దొంగ కొడుకును చూసినట్టు. "మరచిపోవాలి. మరచిపోయినట్టు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి."

యలమందరావు రాసిచ్చాడు. ‘పైన పేర్కొన్న పాస్‌వర్డును నేను ఈ తేదీ నుంచి పూర్తిగా మరచిపోగలవాడనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.’ ఇచ్చాక ఆ మాట నిలబెట్టుకోవడానికి నిజంగా ప్రయత్నించాడు. బస్సులో వెళ్తూ వేరే అంకెలు గొణుక్కున్నాడు. గొర్రెలు కనిపిస్తే తల తిప్పుకున్నాడు. అతను పనిచేసేది గొర్రెల ఆఫీసులో.

మొదటిసారి పాస్‌వర్డు కొట్టినప్పుడు ప్రోగ్రాము ఒప్పుకోలేదు.

"మీ అక్షరాలే తప్పుంటాయి" అన్నారు ఏడీ గారు, గోడవైపు నుంచి తిరిగి.

"నావి అక్షరాలా నిజమండి. తమరి అంకెలు..."

"నా అంకెలు రహస్యం. వాటిని చర్చకు పెట్టవద్దు."

ఎవరి ముక్క తప్పో తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు తమ ముక్క చెప్పాలి. చెబితే నిబంధన పోతుంది. అందుకని ఇద్దరూ పదేపదే కొట్టారు. ప్రోగ్రాము కొన్ని నిమిషాలు ఖాతాకు తాళం వేసింది. తెరిచాక మళ్లీ కొట్టారు. క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోందని యలమందరావుకు దూరం నుంచి కనిపిస్తూనే ఉంది. కానీ ఆ మాట చెబితే, పాస్‌వర్డులో ఉన్నవి చిన్నక్షరాలని అతనికి గుర్తున్నట్టే. తనూ గోడవైపు తిరిగాడు. చివరికి మస్తాన్‌బీ బల్ల తుడుస్తున్నట్టు నటించి ఆ దీపం ఆర్పేసింది.

ఖాతా తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇక అయిదో అంశం. పరీక్షించు" అన్నారు ఏడీ గారు.

జోజప్ప గదిలో మీట నొక్కారు. ప్రోగ్రాము తనంతట తానే ఒక చిన్న ఉత్తరం ఆఫీసు ఖాతా నుంచి ఆఫీసు ఖాతాకే పంపింది. అది మస్తాన్‌బీ గదిలో వచ్చి పడింది. ‘మీ ఖాతా అమరికలను పరీక్షించుచుండగా ఈ సందేశము పంపబడినది.’ అంతే.

మస్తాన్‌బీ దానికి ఇన్‌వార్డు నంబరు వేసి, అచ్చు తీసి, ఏడీ గారి బల్ల మీద పెట్టింది.

"ఎవరి నుంచి?"

"మన ఆఫీసు నుంచే సార్."

"అంటే ప్రభుత్వ కార్యాలయం నుంచి. జవాబివ్వకుండా ఎలా ఉంటాం?"

యలమందరావు ధైర్యం చేశాడు. "సార్, అది ప్రోగ్రాము దానంతటదే రాసుకున్నది. పంపిందీ మనమే, అందుకుందీ మనమే."

"యలమందరావ్, నువ్వు డిగ్రీ చదివావు కానీ సర్వీసు చదవలేదు. పంపే హోదాలో మనం వేరు, అందుకునే హోదాలో మనం వేరు. నేను రెండు పోస్టుల్లో ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు నాకు నేనే సెలవుకు దరఖాస్తు పెట్టుకొని, నేనే మంజూరు చేసుకున్నాను. ఒకసారి తిరస్కరించాను కూడా."

జవాబు వెళ్లింది. ‘మీ సందేశము అందినది. పరిశీలనలో ఉన్నది.’ జోజప్ప పంపగానే అది మస్తాన్‌బీ దగ్గరకు వచ్చింది. దానికీ నంబరు పడింది. దానికీ జవాబు తయారైంది. ‘మీ సందేశము అందినదని తెలుపు మీ సందేశము అందినది.’

మస్తాన్‌బీ అచ్చు కాగితం పట్టుకొని వరండా పక్క గది నుంచి ఏడీ గారి గదికి, అక్కడి నుంచి జోజప్ప గదికి నడిచేది. ఆమె తిరిగి తన కుర్చీలో కూర్చునేలోపు, ఇచ్చిన జవాబు కొత్త ఉత్తరమై ఆమె కోసం ఎదురుచూస్తూ ఉండేది.

"అన్నా, నువ్వు కాసేపు పంపడం ఆపరాదా? కాళ్లు లాగుతున్నాయి."

"నువ్వు రావడం ఆపమ్మా, నేను పంపడం ఆపుతా."

వారం గడిచింది. గురవమ్మ మళ్లీ వచ్చింది.

"ఏం అబ్బయ్యా, రాశావా?"

యలమందరావు తల వంచుకున్నాడు. ఆఫీసులో ఒక పాత ఉత్తర్వు ఉంది. వచ్చిన వరుసలోనే జవాబివ్వాలి, ముందు ఉత్తరం వ్యవహారం ముగియకుండా తర్వాతి ఉత్తరాన్ని ముట్టుకోరాదు. ఒకప్పుడెవరో లంచం తీసుకుని వరుస తప్పించినందుకు వచ్చిన ఉత్తర్వు అది. మంచిదే. టీకా మెయిలుకు ఇన్‌వార్డు నంబరు పడింది మటుకు పరీక్ష సందేశం తర్వాత. ప్రోగ్రాము పెట్టాక గానీ మస్తాన్‌బీ దాన్ని అధికారికంగా అందుకోలేదు మరి.

"ముందు ఒక ఉత్తరం ఉందమ్మా. అది తేలాలి."

"ఎవరిది?"

"మాదే."

"ఎవరికి రాసిందీ?"

"మాకే."

గురవమ్మ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఎండదెబ్బేమన్నా తగిలిందా నాయనా? ఇంద, మజ్జిగ తాగు" అని సంచిలోంచి సీసా తీసింది.

సీసా అతని చేతిలో పెట్టి, ఆమె నేరుగా ఏడీ గారి గదిలోకి నడిచింది. యలమందరావు వెనకాలే పరుగెత్తాడు.

"అయ్యా, మబ్బులు కమ్ముతున్నయ్. నా మందొక్కటే గాదు, మా పక్కోళ్లయి కూడా ఉన్నయ్. నోరులేని జీవాలయ్యా."

ఏడీ గారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించారు. "అమ్మా, మీ విషయం మా దృష్టిలో ఉన్నది. క్రమపద్ధతిలో పరిష్కరించబడును. ప్రస్తుతం ఒక కార్యాలయంతో అత్యంత కీలకమైన ఉత్తర ప్రత్యుత్తరాలు సాగుతున్నాయి."

"అవి సాగేలోపు ఇవి చస్తయ్యయ్యా."

"ఆ విషయము కూడా రాతపూర్వకముగా ఇస్తే వరుసలో పెడతాం."

గురవమ్మ లేచి నిలబడింది. "నా జీవాలు వరుసలోనే నడుస్తయ్. ముందుది బాయిలో దూకితే ఎనకది గూడా దూకుద్ది. అందుకే ఎనకాల మడిసిని పెడతాం" అని కర్ర తీసుకొని వెళ్లిపోయింది.

ఆ మాట ఏడీ గారికి అర్థం కాలేదో, అయిందో. ఆ సాయంత్రం ఉత్తరాల స్వరం మాత్రం మారింది. అవతలి కార్యాలయం విషయాన్ని సాగదీస్తున్నదని ఆయనకు కోపం వచ్చింది. కటువుగా ఒక మెమో రాయించి, సంతకం చేసి, స్కాను తీయించారు. ‘ఈ అనవసర జాప్యమునకు బాధ్యులెవరో ఇరవై నాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను.’ జోజప్ప పంపాడు. మస్తాన్‌బీ తెచ్చింది.

ఏడీ గారు చదివి ఎర్రబడ్డారు. "నాకే మెమోనా! ఎంత పొగరు! ఎవడు సంతకం చేసింది?"

"తమరే సార్" అంది మస్తాన్‌బీ.

ఏడీ గారు సంతకాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "సంతకం బాగుంది. పై అధికారిది లాగే ఉంది. సంజాయిషీ రాయండి, వినయంగా."

మర్నాడు మధ్యాహ్నం యలమందరావు వరండాలో నిలబడి పడమటి దిక్కు చూశాడు. మబ్బు నల్లగా లేదు కానీ, తెల్లగానూ లేదు. తన చిన్నప్పుడు ఇంట్లో ఉన్న మేకలు అతనికి తెలుసు. తన డిగ్రీ ఫీజుల్లో కొన్ని ఆ మేకలే. అతను మరచిపోతానని ఇచ్చిన హామీ గుర్తు చేసుకున్నాడు. దాంతోపాటే పాస్‌వర్డూ గుర్తొచ్చింది. అక్షరాలూ అంకెలూ అన్నీ, చిన్నక్షరాలతో సహా.

జేబులోంచి ఫోను తీశాడు. బ్రౌజరు తెరిచాడు. ఖాతా ఏ ముక్కా లేకుండా ఒకే దెబ్బకు తెరుచుకుంది. టీకాల గిడ్డంగికి రాశాడు: ఇన్ని జీవాలకు మందు కావాలి, వెంటనే పంపండి, తొలకరి దగ్గరపడింది. అంతే. ‘సదరు’ లేదు, ‘ఇందుమూలముగా’ లేదు. మీట నొక్కాడు.

మూడో రోజున ఆటోలో మంచుపెట్టె వచ్చింది. పెట్టెతో పాటు సూదులు వేసే మనిషి, పేరు సైదులు, దిగి రసీదు పుస్తకం చాచాడు.

"సంతకం పెట్టండి సార్."

ఏడీ గారు పెట్టెను చూశారు, తాకలేదు. "మందు ఎలా వచ్చింది? మన జవాబు ఇంకా వెళ్లనే లేదే?"

"జవాబు వచ్చిందనే కదండీ తెచ్చింది."

"జోజప్పా, అవుట్‌వార్డు నంబరు?"

"లేదు సార్."

"నంబరు లేని ఉత్తరం వెళ్లనట్టు. వెళ్లని ఉత్తరానికి వచ్చిన మందు రానట్టు. రాని మందుకు నేను రసీదు ఇవ్వలేను. దీన్ని పరిశీలనలో ఉంచాలి."

సైదులు పెట్టె మూత కొద్దిగా ఎత్తి చూశాడు. "మీ ఇష్టం సార్. నేనైతే ఎన్నాళ్లయినా పరిశీలనలో ఉంటా. మంచు ఉండదు."

అప్పటికి గేటు బయట గోల మొదలైంది. మంచుపెట్టె బయలుదేరిందని తెలిసి యలమందరావు పొద్దున్నే కబురు పంపాడు. గురవమ్మ తన మందను, చుట్టుపక్కల మందలను రోడ్డు మీదుగా తోలుకొచ్చి ఆఫీసు ప్రహరీ గోడ వెంబడి నిలబెట్టింది. గోడ మీదుగా ఒక పొట్టేలు తల లోపలికి పెట్టి, నోటీసు బోర్డు అంచు కొరుకుతోంది.

ఏడీ గారు కిటికీ దగ్గరకు వెళ్లారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన కళ్లు ఒకసారి మబ్బు మీదికి పోయాయి. తర్వాత గొంతు సవరించుకొని, ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"ప్రహరీకి అవతల జరిగేది ఈ కార్యాలయపు పరిధిలోనికి రాదు. కోటిలింగం గారూ, ఈ కిటికీలోంచి దుమ్ము వస్తోంది. మూసేయండి."

కిటికీ మూశారు. సైదులు పెట్టె తీసుకొని గేటు దాటాడు. సాయంత్రం దాకా గోడ అవతల సూదులు పడ్డాయి. గురవమ్మ ఒక్కొక్క జీవాన్ని మోకాళ్ల మధ్య పట్టి ఉంచింది. యలమందరావు సూది పడ్డదానికల్లా వీపు మీద ఎర్ర రంగు చుక్క పెట్టాడు. మస్తాన్‌బీ నీళ్లు తెచ్చింది. జోజప్ప, రోడ్డు దాటబోయే మేకలను చేతిలో ఫైలుతో అదిలించాడు. ఆ ఫైలుకు అంత మంచి ఉపయోగం అంతకుముందు కలగలేదు.

వాన నెల చివర పడింది. గడ్డి మొలిచింది. ఆ పల్లెల్లో జీవాలు మేశాయి, పడుకున్నాయి, మళ్లీ లేచాయి.

తర్వాతి సంగతులు కొద్దిగా ఉన్నాయి. యలమందరావుకు మెమో వచ్చింది. మరచిపోతానని హామీ ఇచ్చిన దానిని గుర్తుంచుకొనినందుకు శాఖాపరమైన చర్య ఏల తీసుకోరాదో తెలుపవలెను. అతను నిజాయితీగా జవాబు రాసి మెయిల్‌లో పెట్టాడు. దానికి ఇన్‌వార్డు నంబరు పడింది, వరుసలో నిలబడింది. దాని ముందు పరీక్ష సందేశం వ్యవహారం ఇంకా సాగుతూనే ఉంది కాబట్టి, అతని శిక్ష ఇప్పట్లో పరిశీలనకు వచ్చే సూచన లేదు. అతను రోజూ ఆఫీసుకు వెళ్తున్నాడు.

రాష్ట్రం మొత్తం మీద అత్యధిక ఉత్తరాలకు అతి తక్కువ వ్యవధిలో జవాబిచ్చిన కార్యాలయంగా మండలికి బహుమతి వచ్చింది. ఏడీ గారికి శాలువా కప్పారు. సభలో ఆయన, "అవతలి కార్యాలయపు సహకారం లేనిదే ఇది సాధ్యమయ్యేది కాదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక గురవమ్మ. కాగితాల ప్రకారం ఆమె జీవాలకు సూది పడలేదు. మందు రాలేదు, జవాబు పోలేదు, ఆమె కోరిక పరిష్కారం కాలేదు. ఒక కోరిక పెండింగులో ఉన్నవారు అదే విషయమై మరో కోరిక పెట్టుకొనుటకు అర్హులు కారని ఏడీ గారు ఈ మధ్యనే స్పష్టం చేశారు.

ఇది చదివేవారిలో బల్ల వెనక కూర్చునే ఉద్యోగం చేసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. మీకు ఒక మనవి. మల్లెబోయిన గురవమ్మ అన్న పేరు గుర్తుంచుకోండి. ఏదో ఒక రోజు ఆమె మీ గుమ్మం దగ్గర కూడా చెప్పులు విడిచి, కర్ర గోడకు ఆనించి, "ఏం అబ్బయ్యా" అని అడగవచ్చు. వరుసలో ఆమె ముందు ఎవరున్నారో చూడకండి, ఆమెను చూడండి. వచ్చే ఏడూ వానలు పడతాయి.